పేరు పెట్టి పిలిచే చనువు ఎవరిచ్చారు?

(కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగం)



ఏదైనా ప్రభుత్వ ఆఫీసులో ఒక గంట కూర్చుని చెవులు పెట్టి వినండి. ఇస్త్రీ చొక్కా మగాయన వస్తే, ‘చెప్పండి సార్’. పింఛను కోసం అరవై ఏళ్లావిడ వస్తే, ‘ఏం లక్ష్మమ్మా, మళ్లీ వచ్చావా?’ ఆ గుమాస్తాకి ఆమె కొడుకు వయసుంటుంది. ఆమె అతన్ని ‘అయ్యా’ అంటుంది. ఆమె పేరు అతనికి దొరికింది దరఖాస్తు మీద. అతని పేరు ఆమెకు ఎవరూ చెప్పలేదు.

పేరు పెట్టి పిలవడమే తప్పని నేననడం లేదు. ఈడువాళ్లం ‘ఒసే’ అని కూడా అనుకుంటాం. అటునుంచి ఇటే తప్ప ఇటునుంచి అటు నడవని చనువు గురించే నా మాటంతా.

1963లో అమెరికాలోని అలబామా రాష్ట్రంలో మేరీ హామిల్టన్ అనే నల్లజాతి ఉద్యమకారిణి కోర్టులో సాక్ష్యం చెప్పడానికి నిలబడింది. ప్రభుత్వ న్యాయవాది ఆమెను ‘మేరీ’ అని పిలిచాడు. తెల్లవాళ్లకు మిస్టర్, మిస్ అని మర్యాద చేసి, నల్లవాళ్లను పేరుతో పిలవడం అక్కడి ఆనవాయితీ. మిస్ హామిల్టన్ అని పిలిస్తేనే జవాబు చెప్తానందామె. కోర్టు ధిక్కారం కింద అయిదు రోజుల జైలు, యాభై డాలర్ల జరిమానా వేశారు. ఆమె పేరు మేరీ హామిల్టనే కదా, ‘మిస్’ లేదు కదా అని రాష్ట్ర సుప్రీంకోర్టు కూడా సమర్థించింది! 1964లో అమెరికా సుప్రీంకోర్టు ఆ శిక్ష కొట్టేసింది.

ఇంగ్లీషులో అది ఒక్క మాటతో పోయింది. మనకలా కాదు. రా, రండి, చెప్పు, చెప్పండి. పేరెత్తకుండానే క్రియ చివర మనిషిని కింద కూర్చోబెట్టగలం. కులం పేరుతో నలుగురిలో దూషిస్తే నేరమని ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో తెచ్చిన సవరణ స్పష్టంగా చెప్పింది. ‘నువ్వు’కి మాత్రం ఏ సెక్షనూ లేదు. ఉండాలనీ నేననను.

ఈమధ్య కంపెనీల నుంచి ఫోను చేసే పిల్లలు కూడా పేరుతోనే పలకరిస్తున్నారు. మన ఇంటిపేరు ‘ఫస్ట్ నేమ్’ గడిలో పడితే ఇంటిపేరుతోనే ముద్దుగా పిలుస్తారు. దానికి నేను నవ్వుకుంటాను. ఆ పిల్ల తన పేరు ముందే చెప్తుంది, ‘మీరు’ అంటుంది.

నవ్వలేనిది మన ఫైళ్ల దగ్గర. కౌన్సెలింగ్ రిజిస్టరు తీసి చూడండి. ‘సరోజ ఏడుస్తూ చెప్పింది.’ కింది వరుసలో, ‘భర్త వెంకట్రావుగారు తన వాదన వినిపించారు.’ కొట్టినాయనకు ‘గారు’, దెబ్బలు తిన్నామెకు ‘ది’. రేపు ఆ కాగితం చదివే పోలీసు ఆమెను ఏమని పిలుస్తాడు?

కాబట్టి కేసు రాసుకునే ముందు, ‘మిమ్మల్ని ఏమని పిలవమంటారు?’ అని అడగండి. ‘పేరు పెట్టే పిలువమ్మా’ అంటే అలాగే పిలవండి, మీ పేరూ చెప్పండి. ఇన్నేళ్లూ ఫలానావాడి పెళ్లాంగా, ఫలానావాడి తల్లిగా బతికిన కొందరు తమ పేరే వినాలనుకుంటారు. వాళ్లను ‘గారు’ చేర్చి ఆ పేరుతోనే పిలవండి, రిజిస్టరులో కూడా అలాగే రాయండి.