గాజుకు అంటుకున్న విషం

వేదిక మీది పెద్దలకు రెండు ముక్కల్లో నమస్కారాలు చెప్పేసి, ముఖ్య అతిథి నేరుగా మిర్చి కల్లం కబుర్లలోకి వెళ్లిపోయారు. ఆమెది ఛత్తీస్‌గఢ్‌లోని కుంట దగ్గరి ఎర్రబోరు. ఆ వైపు నుంచి ఏటా ఎందరో భద్రాచలం, ఖమ్మం చేలకు మిర్చి ఏరడానికి వస్తారు. తాలు కాయలు వేరుచేసే ఆడవాళ్ల మధ్య పెరిగిన ఆమె, ఉద్యోగమంతా ఆ కాయల్లో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషాన్ని వెతికారు.

యూరప్‌కు వెళ్లే ఎండుమిర్చిలో అఫ్లాటాక్సిన్ బి1 కిలోకు 5 మైక్రోగ్రాములు మించకూడదు. అంత కొంచెం పదార్థం దాన్ని కొలిచే హెచ్‌పీఎల్‌సీ మెషీన్ దాకా చేరకముందే దారిలో పోతుంది. ఆమె బెంగంతా అదే. పీక్ రాకపోతే అందరూ మెషీన్‌ను అనుమానిస్తారు, చేతిలోని వయల్‌ను అనుమానించరు. నీళ్ల శాతం ఎక్కువైన ద్రావణంలో ఈ విషం మామూలు గాజుకు అంటుకుంటుంది. వెలుతురు తగిలితే చెడిపోతుంది. మిథనాల్ సారాన్ని చాలినంత పలుచన చేయకుండా ఇమ్యునోఅఫినిటీ కాలమ్‌లో పోస్తే యాంటీబాడీలు పట్టుకోవు, విషం కింద బీకరులోకి జారిపోతుంది.

"ఆ బీకరును సింకులో ఎందుకు పారబోస్తారర్రా?" గొంతు పెంచే అడిగారు. "రిజల్టు తేలేదాకా ఏదీ పారెయ్యొద్దు. కాలమ్ దాటిపోయినదీ, కడిగినదీ ఇంజెక్ట్ చేసి చూడండి. విషం లేని కారప్పొడి తీసుకుని, తెలిసినంత స్టాండర్డు ఒకదాంట్లో మొదట్లోనే కలపండి, ఇంకోదాంట్లో క్లీనప్‌కు ముందు, మరోదాంట్లో వయల్‌కు ఎత్తే ముందు. ఎక్కడ కలిపితే తిరిగొస్తోందో, ఎక్కడ కలిపితే రావట్లేదో చూడండి. దొంగ ఆ మధ్యలోనే దొరుకుతాడు."

ఆ తర్వాత గొంతు మారింది. 1974లో రాజస్థాన్, గుజరాత్ గిరిజన పల్లెల్లో కామెర్లతో వందమందికి పైగా చనిపోయారు. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ నుంచి కృష్ణమాచారి బృందం వెళ్లి, వాళ్లు తిన్న బూజు పట్టిన మొక్కజొన్నలో అఫ్లాటాక్సిన్ ఉందని తేల్చింది. ఆ ఇళ్ల తిండే తిన్న కుక్కలకూ అదే జబ్బు వచ్చింది. 1975లో లాన్సెట్ ఆ పరిశోధనను ప్రచురించింది. ఆ గింజల్లో 'కనబడలేదు' అని ఎవరైనా రాసి ఉంటే, అవే మళ్లీ పొయ్యెక్కేవని ఆమె అన్నారు. అందుకే రికవరీ ఎంతో రాయకుండా ఆ మాట కింద సంతకం పెట్టడం ఆమెకు గిట్టదు.

ఉద్యోగంలో చేరిన వారంలోనే ఒక పని చేయమని వింటున్నవాళ్లకు చెప్పారు. ల్యాబ్‌లోని వయల్‌లో నీళ్లు కలిపిన స్టాండర్డు పోసి వెంటనే ఒకసారి, రాత్రంతా చీకట్లో ఉంచి పొద్దున ఇంకోసారి ఇంజెక్ట్ చేయాలి. ఏరియా తగ్గితే, ఆమ్లంతో శుద్ధిచేసి బాగా కడిగిన వయల్స్ కావాలని అడగాలి. "పైవాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనీండి, మళ్లీ అడగండి."