ఐస్ ఫిషింగ్ టెంట్ కొనాలనుకుంటున్నారా? ముందు ఇది వినండి

నేను ఉండేది మినియాపొలిస్ దగ్గర. ఇక్కడ నవంబర్ చివరికి సరస్సులు గడ్డకట్టడం మొదలవుతుంది. సరిగ్గా అప్పుడే నాకు ఒకే రకం మెసేజ్‌లు వస్తాయి. "అన్నా, ఆఫర్‌లో ఒక టెంట్ కనిపిస్తోంది, కొనేయమంటావా?" కొంతమందైతే కొనేశాక ఫొటో పెట్టి "బాగుందా?" అని అడుగుతారు. ఈ ఎపిసోడ్ వాళ్లందరి కోసం.

ఇండియాలో ఉండి వింటున్నవాళ్లకు ముందు రెండు మాటల్లో చెప్తాను. మిన్నెసోటాను 10,000 సరస్సుల రాష్ట్రం అంటారు, నంబర్ ప్లేట్ల మీద కూడా అదే ఉంటుంది. చలికాలంలో ఆ సరస్సుల మీద మంచు గట్టిపడితే జనం దాని మీదకు నడిచి వెళ్తారు. ఆగర్ అనే పెద్ద మరతో కంత వేస్తారు, అందులోకి గాలం వదిలి కూర్చుంటారు. మైనస్ 15, మైనస్ 20 సెల్సియస్‌లో, అడ్డంగా ఒక్క చెట్టు కూడా లేని చోట గాలికి కూర్చోవాలంటే ఏదో ఒక గూడు కావాలి కదా. అదే ఐస్ షెల్టర్. మనవాళ్లు సింపుల్‌గా టెంట్ అంటున్నారు కాబట్టి నేనూ అలాగే అంటాను.

ఇక్కడికి కొత్తగా వచ్చిన మన పిల్లలు చాలామంది ఐదు నెలలు రూమ్, ఆఫీసు, ఇండియన్ స్టోర్, మళ్లీ రూమ్. చీకటి సాయంత్రం నాలుగున్నరకే పడిపోతుంది. ఆ చలికాలం మనసు మీద ఎంత బరువుగా కూర్చుంటుందో అనుభవించినవాళ్లకే తెలుసు. నలుగురు స్నేహితులు, ఒక ఫ్లాస్క్ టీ, రెండు గాలాలు ఉంటే అదే చలికాలం వేరేగా ఉంటుంది. అందుకే నేను దీన్ని గట్టిగా సపోర్ట్ చేస్తాను. కానీ ఇందులో ప్రాణం పోయే దారులు కూడా ఉన్నాయి, అవి కూడా దాచకుండా చెప్తాను.

సరే, మొదటి పాయింట్. షాపులోకి వెళ్లి టెంట్లు చూడకండి. ముందు మీ కారు చూసుకోండి. రిక్వైర్‌మెంట్స్ తెలియకుండా కోడ్ రాయడం మొదలుపెడితే ఏమవుతుందో మనకు తెలుసు కదా, ఇదీ అంతే. నాలుగు ప్రశ్నలు రాసుకోండి. ఎంతమంది వెళ్తారు? ఏ కారులో వెళ్తారు? మంచు మీద దాన్ని లాగేది ఎవరు, మీరా, స్నోమొబైలా? తిరిగొచ్చాక ఎక్కడ ఆరబెడతారు? ఈ నాలుగో ప్రశ్న ఎవరూ అడగరు. సగం టెంట్లు పాడయ్యేది అక్కడే.

ఇప్పుడు రకాలు. కొత్తవాళ్లు చూడాల్సినవి ముఖ్యంగా రెండు.

ఒకటి ఫ్లిప్ ఓవర్. కింద ప్లాస్టిక్ స్లెడ్ ఉంటుంది, అంటే జారుడు బండి. దానికే సీట్లు, దానికే మడత కడ్డీలు, బట్ట. సీట్లో కూర్చుని వెనకనుంచి బట్టను తలమీదుగా ముందుకు లాగితే గూడు రెడీ, ఆటో టాప్ వేసినట్టు. సెయింట్ క్లౌడ్‌కు చెందిన డేవ్ జెంజ్ అనే ఆయన 1980ల్లో ఫిష్ ట్రాప్ పేరుతో దీన్ని జనంలోకి తెచ్చారు. అప్పటిదాకా బరువైన చెక్క గుడిసె ఒకసారి లాక్కొచ్చి పెడితే సీజనంతా చాలామంది అక్కడే కూర్చునేవాళ్లు, చేప వచ్చినా రాకపోయినా. ఆయన చెప్పింది సింపుల్: చేప మన దగ్గరకు రాకపోతే మనమే దాని దగ్గరకు వెళ్లాలి. ఫ్లిప్ ఓవర్ బలం ఇదే, అరగంటకో కంత మారవచ్చు. ఒక్కడే వెళ్లేవాడికి, గాలి ఎక్కువున్న రోజుకు ఇది హాయి. మరి ఇబ్బంది? బరువు. స్లెడ్, సీటు కలిపి ఉంటాయి కాబట్టి, సామాను కూడా వేసి మెత్తటి మంచులో అర మైలు లాగితే చలి సంగతి మర్చిపోతారు, చెమటలు పడతాయి. చిన్న సెడాన్ కారులో పట్టడం కూడా కష్టమే.

రెండోది హబ్. పెద్ద గొడుగు లాంటిది. ప్రతి గోడ మధ్యలో ఒక గుండ్రటి కీలు ఉంటుంది, దాన్ని బయటికి లాగితే ఫట్‌మని గోడ నిలబడుతుంది. నాలుగు గోడలు, పైకప్పు, అంతే. మడిస్తే పొడవాటి సంచిలో పడుతుంది, వెనక సీట్లు వాలిస్తే కరోలాలో కూడా వెళ్తుంది. పెట్టిన డబ్బుకు ఎక్కువ జాగా ఇచ్చేది ఇదే. అపార్ట్‌మెంట్‌లో ఉంటూ ముగ్గురు నలుగురు కలిసి వెళ్లే మనలాంటి వాళ్లకు నా ఓటు హబ్‌కే. ఒక్కడివే వెళ్తాను అంటే ఫ్లిప్ ఓవర్ చూడు తమ్ముడూ.

సైజు విషయంలో ఒక లెక్క. పెట్టె మీద ముగ్గురికి అని ఉంటే ఇద్దరికి అని చదువుకోండి. కంపెనీవాళ్లు భుజానికి భుజం ఆనించి లెక్కేస్తారు. లోపల కుర్చీలు, హీటరు, బకెట్, మనిషికో రెండు కంతలు ఉండాలి. మిన్నెసోటాలో చలికాలం మంచు మీద ఒక్కొక్కరు రెండు గాలాలు వేసుకోవచ్చు. పైగా అందరూ లావుపాటి కోట్లలో ఉంటారు. అలాగని మరీ పెద్దది కొనకండి. జాగా పెరిగేకొద్దీ వేడి చేయడం కష్టం, గాలికి పట్టుబడే గోడ కూడా పెద్దదవుతుంది.

తర్వాత బట్ట. మామూలు ఒక పొరదా, లోపల దూది పొర కుట్టిన ఇన్సులేటెడ్‌దా? వెచ్చదనం కోసమే ఇన్సులేటెడ్ అనుకుంటారు. అసలు లాభం ఇంకొకటి ఉంది. మన ఊపిరి, హీటర్ ఆవిరి పలచని చల్లటి బట్టకు తగిలి నీళ్లయిపోతాయి, అవి మెడ మీద చుక్కలు చుక్కలుగా పడతాయి. ఇన్సులేటెడ్‌లో ఆ చుక్కలు బాగా తగ్గుతాయి. బరువు, ధర పెరుగుతాయి. గ్యాస్ లెక్క కూడా చూడండి. ఒక పౌండ్ ప్రొపేన్ సిలిండర్, చిన్న హీటర్‌ను 4,000 బీటీయూలో పెడితే సుమారు ఐదు గంటలు వస్తుంది, 9,000లో పెడితే రెండున్నర గంటలు కూడా రాదు. బట్ట మంచిదైతే తక్కువలోనే సరిపోతుంది. నెలకు ఒకసారి కన్నా ఎక్కువ వెళ్తారనుకుంటే ఇన్సులేటెడ్ తీసుకోండి. ఈ ఒక్క సీజన్ సరదాకే అయితే అసలు కొనకండి. మిల్ లాక్స్, లేక్ ఆఫ్ ద వుడ్స్ లాంటి చోట్ల రిసార్టులవాళ్లు హీటర్‌తో సహా గుడిసె రోజు అద్దెకిస్తారు. ముందు ఒకసారి అద్దెకు వెళ్లి కూర్చోండి, నచ్చితే కొనచ్చు.

ఇప్పుడు గాలి. సరస్సు మీద హబ్‌ను కట్టకుండా వదిలితే అది దొర్లుకుంటూ పోతుంది, వెనకాల మనిషి పరిగెత్తుతూ ఉంటాడు. వైట్ బేర్ లేక్ మీద నేను చూశాను, మనిషి గెలవలేదు. నిలబెట్టే పద్ధతి ఇది. సంచిలోంచి తీయగానే గాలి వచ్చే వైపు అంచును మొదట ఐస్ యాంకర్‌తో బిగించండి. యాంకర్ అంటే మంచులోకి మరలా దిగే పెద్ద స్క్రూ. తర్వాత గాలి వైపు గోడను లాగండి, దాని తాడు కట్టండి. అప్పుడు మిగతా గోడలు, చివర్లో పైకప్పు. విప్పేటప్పుడు రివర్స్: ముందు పైకప్పు, ఆఖరున గాలి వైపు యాంకర్. తలుపు గాలికి ఎదురుగా రాకుండా చూసుకోండి. కొన్న రోజే పార్కింగ్ లాట్‌లో గ్లవ్స్ వేసుకుని రెండుసార్లు ప్రాక్టీస్ చేయండి. గ్లవ్స్ లేకుండా వచ్చేది గ్లవ్స్‌తో రాదు.

కింద చుట్టూ వేలాడే బట్ట అంచు ఉంటుంది, దాన్ని స్కర్ట్ అంటారు. దాని మీద పొడి మంచు ఎగదోయండి, గాలి ఆగుతుంది. తడి మంచు, నీళ్లు వేయకండి. అది రాయిలా గడ్డకట్టి సాయంత్రం లాగితే బట్ట చిరుగుతుంది. అతుక్కుంటే పారతో మెల్లగా చుట్టూ కొట్టి వదులు చేయండి, బలవంతంగా పీకొద్దు.

ఇక ప్రాణం విషయం. కాస్త సీరియస్‌గా వినండి.

టెంట్ లోపల వెచ్చగా, చీకటిగా, హాయిగా ఉంటుంది. ఆ హాయిలో మనం నీళ్ల మీద ఉన్నామన్న సంగతే మర్చిపోతాం. మిన్నెసోటా డీఎన్‌ఆర్ చెప్పేది, నడవడానికి కనీసం 4 అంగుళాల కొత్త, తేటైన మంచు కావాలి. తెల్లగా పాలలా కనిపించే మంచు బలం దాదాపు సగమే, కాబట్టి దానికి రెట్టింపు మందం కావాలి. గునపం లాంటి స్పడ్ బార్ ఒకటి ఉంటుంది, నడుస్తూ ముందు పొడుస్తూ వెళ్లండి. ఒక్కచోట కొలిచి సరస్సంతా అంతే అనుకోకండి. వాగు వచ్చి కలిసే చోట, వంతెనల కింద, ఊటలున్న చోట పలచగా ఉంటుంది. మెడలో ఐస్ పిక్స్ వేసుకోండి, పడితే మంచును గుచ్చి పైకి రావడానికి. లైఫ్ జాకెట్ వేసుకుంటే సిగ్గేమీ లేదు.

మందంగా ఉన్నా గాలి మొత్తం పలకను ఒడ్డు నుంచి విడదీయగలదు. 2022 నవంబర్ 28న అప్పర్ రెడ్ లేక్ మీద ఇదే జరిగింది. మంచు పలక ఒడ్డు నుంచి విడిపోయి సుమారు 200 మంది దాని మీద చిక్కుకుపోయారు, అందరినీ కాపాడారు. టెంట్‌లో ఉన్నవాడికి ఆ నీళ్ల చీలిక కనపడదు. అందుకే గంటకోసారి బయటికి వచ్చి ఒడ్డు వైపు చూడండి, గాలి మారిందేమో చూడండి.

రెండోది కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, నిద్రమత్తు, వాంతి వచ్చినట్టు ఉంటే చలి వల్ల అనుకోకండి, వెంటనే బయటికి రండి. టెంట్‌కు ఉన్న గాలి కిటికీలు, ఒకటి కింద, ఒకటి పైన, ఎప్పుడూ తెరిచే ఉంచాలి. "అన్నా, నా హీటర్‌లో సెన్సర్ ఉంది కదా" అంటారు. అది గాలిలో ఆక్సిజన్ తగ్గితే ఆపేసే సెన్సర్, కార్బన్ మోనాక్సైడ్‌ను కొలవదు. బ్యాటరీ అలారం విడిగా కొనండి. ఎంత చలిలో పనిచేస్తుందో పెట్టె మీద చూసి కొనండి, చాలా ఇంటి అలారాలు గడ్డకట్టే చలికి చేసినవి కావు. హీటర్ పెట్టుకుని బట్ట టెంట్‌లో నిద్రపోకండి. ఇది మాత్రం బేరాల్లేని మాట.

రూల్స్ కూడా కొంచెం. 16 ఏళ్లు దాటితే ఫిషింగ్ లైసెన్స్ ఉండాలి. టెంట్ తీసుకెళ్లి దగ్గరే ఉండి సాయంత్రం వెనక్కి తెచ్చుకుంటే దానికి వేరే లైసెన్స్ అక్కర్లేదు, మంచు మీద వదిలేసి వెళ్తే కావాలి. రాత్రి ఉంచితే ప్రతి వైపూ వెలుతురుకు మెరిసే స్టిక్కర్ ఉండాలి, స్నోమొబైల్ వాడికి కనపడాలి కదా. వదిలి ఉంచిన గుడిసెలు దక్షిణ భాగంలో మార్చి మొదటి సోమవారానికి, ఉత్తరాన మూడో సోమవారానికి తీసేయాలి. సరిహద్దు సరస్సులకు తేదీలు వేరు, డీఎన్‌ఆర్ సైట్‌లో చూసుకోండి. చెత్త మంచు మీద వదలకండి, వసంతంలో అదంతా నీళ్లలోకే పోతుంది.

ఆఖరుగా, ఇంటికి తెచ్చాక. అలసిపోయి సంచి మూలన పడేస్తాం. లోపలి మంచు కరిగి నీరవుతుంది, వారానికి బూజు వాసన. బాల్కనీలోనో, హాల్లోనో, ఒక రాత్రి తెరిచి ఆరబెట్టండి. రూమ్‌మేట్స్‌తో ముందే మాట్లాడుకోండి, హాలంతా అదే ఉంటుంది! జిప్పులకు కాస్త మైనం రాయండి. ప్లాస్టిక్ కిటికీలు చలిలో పెళుసుగా మారతాయి, వాటి మీద మడత పడకుండా చుట్టండి. కడ్డీ ఒకటి, అతుకు పట్టీ ఒకటి స్పేర్‌గా సంచిలో ఉంచండి. ఎండాకాలం దాచేటప్పుడు పూర్తిగా పొడిగా, వదులుగా, ఎలుకలు దూరని చోట పెట్టండి. ఎలుకకు ఆ దూది పొర మెత్తటి పరుపు.

ఇలా చూసుకుంటే ఒక మంచి హబ్ చాలా సీజన్లు వస్తుంది. నలుగురు కలిసి డబ్బులేసుకుని కొంటే ఇంకా మంచిది, కానీ ఆరబెట్టే బాధ్యత ఎవరిదో ముందే తేల్చుకోండి.

వాలై చేపకు ముల్లు తక్కువ, పసుపు ఉప్పు కారం పట్టించి పెనం మీద వేయిస్తే అదిరిపోతుంది. పులుసుకు మాత్రం నెల్లూరు వాళ్లు ఒప్పుకోరనుకోండి, అది వేరే ఎపిసోడ్. వెళ్లేముందు ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో ఒక మనిషికి మెసేజ్ పెట్టి వెళ్లండి. జాగ్రత్తగా వెళ్లి, క్షేమంగా రండి. ఉంటాను మరి.