ఒక చోట సరిచేస్తే అన్ని చోట్లా సరికావాలి
(రైతు సంఘం మండల సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మద్దతు ధర గురించి, ఎరువుల గురించి ముందు మాట్లాడినవారు చెప్పారు. మేము ఎత్తుకున్న విషయం ప్రభుత్వ కంప్యూటర్ల గురించి. రైతు సంఘానికి ఈ గొడవ దేనికని కొందరికి అనిపించవచ్చు. సంఘం దగ్గరకు వస్తున్న అర్జీలు చూస్తే తెలుస్తుంది. 'పేరు కలవలేదట', 'ఆధార్ లింకు లేదట', 'సర్వే నంబరు రావడం లేదట' అనేవే ఎక్కువ. పొలం ఉంది, పంట ఉంది, మనిషి ఎదురుగా నిలబడి ఉన్నాడు. తెర మీద మాత్రం లేడు.

ఇది ఎందుకు జరుగుతోందో ముందు అర్థం చేసుకుందాం. మన భూమి వివరాలు రెవెన్యూ వాళ్ల వెబ్‌ల్యాండ్‌లో ఉంటాయి. రిజిస్ట్రేషన్ శాఖకు వేరే లెక్క. పంట వివరాలు ఈ-పంటలో నమోదవుతాయి. ధాన్యం కొనుగోలుకు, పంటల బీమాకు, నష్టపరిహారానికి ఆ ఈ-పంటే ఆధారం. బ్యాంకుది ఇంకో పుస్తకం. పీఎం కిసాన్ డబ్బు పడాలంటే మూడు తాళాలు తెరుచుకోవాలి: భూమి వివరాలు అనుసంధానం కావాలి, ఈ-కేవైసీ అవ్వాలి, బ్యాంకు ఖాతాకు ఆధార్ ముడిపడాలి. ఒక్క తాళం పడ్డా డబ్బు ఆగిపోతుంది. ఏ తాళం పడిందో చెప్పే దిక్కు ఉండదు. రైతు సేవా కేంద్రం తహసీల్దార్ ఆఫీసుకు పొమ్మంటుంది, వాళ్లు బ్యాంకుకు పొమ్మంటారు, బ్యాంకువాళ్లు ఆధార్ సెంటర్‌కు పంపిస్తారు.

ఒక్కో శాఖ ఒక్కో కాలంలో, తనకు తోచిన పద్ధతిలో రికార్డు కట్టుకుంది. భూమి రికార్డులో పేరు తెలుగులో ఉంటుంది, ఇంటిపేరు ముందు ఉంటుంది. బ్యాంకులో ఇంగ్లీషులో ఉంటుంది, ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం అయిపోతుంది. లక్ష్మి అనే పేరును ఇంగ్లీషులో నాలుగు రకాలుగా రాయొచ్చు. మనిషి చూస్తే నాలుగూ ఒకటే అంటాడు. కంప్యూటర్ నలుగురు అంటుంది.

పేర్లే కాదు, అంకెలూ అంతే. మన దగ్గర 2.20 అని రాస్తే రెండెకరాల ఇరవై సెంట్లు. సరిహద్దు దాటి తెలంగాణలో అదే 2.20 అంటే రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. ఏ కొలతో పక్కన రాయకపోతే ముప్పై సెంట్లు గాలిలో కలిసిపోతాయి. కేంద్ర పథకాలు హెక్టార్లలో లెక్కేస్తాయి.

రీసర్వే సంగతి మీకు తెలుసు. 2020 డిసెంబరులో మొదలైంది. రీసర్వే పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబర్లు పోయి ఎల్‌పీఎం నంబర్లు వచ్చాయి. అప్పు కాగితాల మీద పాత నంబరే ఉంది, దస్తావేజులో పాత నంబరే ఉంది. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. పొలం అంగుళం కదల్లేదు, చిరునామా మాత్రం మారింది. పాత నంబరుకు కొత్త నంబరు ఏదో చెప్పే పట్టిక అన్ని శాఖల దగ్గరా ఒకేలా లేకపోతే ఆ భారం రైతు నెత్తిన పడుతుంది.

దీనికి మందు లేదా? ఉంది. దాని పేరు బహిరంగ ప్రమాణాలు. పేరు కొత్తగా ఉన్నా సంగతి మనకు పాతదే. నెల్లూరులో పుట్టి అంటే 850 కిలోలు, ఇంకోచోట పుట్టికి ఇంకో లెక్క. కిలో మాత్రం ఎక్కడైనా కిలోనే. కిలోను ఏ షావుకారూ సొంతం చేసుకోలేదు. కిలో వాడుకున్నందుకు ఎవరికీ రుసుము కట్టం. కాటాలో తేడా ఉంటే ఎవరైనా పట్టుకోవచ్చు. సమాచారానికీ అలాంటి కిలో కావాలి. పేరు ఎలా రాయాలి, విస్తీర్ణం ఏ కొలతలో రాయాలి, గ్రామానికి ఏ కోడ్ వాడాలి అన్నది అందరికీ తెలిసేలా ప్రకటించాలి. అన్ని శాఖలూ అదే పాటించాలి. అది ఒక్క కంపెనీ చేతిలో ఉండకూడదు. కంపెనీ మారినా రికార్డు మనదిగా ఉండాలి.

ఇది మేము కొత్తగా కనిపెట్టి అడుగుతున్నది కాదు. కేంద్ర ప్రభుత్వం 2010 నవంబరులోనే ఈ-పాలనకు బహిరంగ ప్రమాణాల విధానం ప్రకటించింది. ప్రమాణం అందరికీ అందుబాటులో ఉండాలని, దానికి రాయల్టీ వసూలు చేయకూడదని అందులో ఉంది. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ ప్రతి గ్రామానికీ కోడ్ ఇచ్చి జాబితా నడుపుతోంది. దారి వేశారు, బండి నడపడం లేదు.

నడిపితే ఫలితం ఉంటుందనడానికి మన తెలుగు అక్షరాలే సాక్ష్యం. ఒకప్పుడు ఒక ఆఫీసులో తెలుగులో కొట్టిన కాగితం ఇంకో ఆఫీసు కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గీతలు వచ్చేవి. ఎవరి ఫాంట్ వాళ్లది. యూనికోడ్ అనే ఒకే ప్రమాణం వచ్చాక మన సెల్‌ఫోన్‌లో కొట్టిన తెలుగు అమెరికాలో ఉన్న పిల్లలకూ తెలుగులాగే కనిపిస్తోంది. అక్షరానికి సాధ్యమైనది అడంగల్‌కు ఎందుకు సాధ్యం కాదు?

అయితే ఇంకో వైపు కూడా చూడాలి. 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం 2,817 కోట్ల రూపాయలతో డిజిటల్ వ్యవసాయ మిషన్‌ను ఆమోదించింది. 11 కోట్ల మంది రైతులకు గుర్తింపు సంఖ్య ఇవ్వాలన్నది లక్ష్యం. భూమి, పంట, రైతు వివరాలన్నీ ఒక తాటి మీదకు వస్తాయంటున్నారు. మంచిదే. కానీ బావిలో నీళ్లు ఉప్పగా ఉంటే ఎన్ని కాలువలు తవ్వినా ఉప్పునీళ్లే పారతాయి. చనిపోయిన తండ్రి పేరు మీదే భూమి ఉంటే ఆ తప్పు ఇప్పటిదాకా ఒక్క ఆఫీసులో ఉంది. రేపు అన్ని ఆఫీసుల్లోనూ ఉంటుంది.

కౌలురైతు సంగతి ఇంకా ఘోరం. 2011లో ఒక చట్టం, 2019లో ఇంకో చట్టం వచ్చాయి. 2019 చట్టం ప్రకారం 11 నెలల సాగు హక్కు కార్డు రావాలన్నా భూ యజమాని సమ్మతి కావాలి. సంతకం పెట్టడానికి యజమానులు భయపడుతున్నారు. భూమి రికార్డునే రైతుకు గుర్తుగా తీసుకుంటే, అసలు దుక్కి దున్నేవాడు ఏ కంప్యూటర్‌లోనూ కనపడడు. కంప్యూటర్లు ఎంత బాగా మాట్లాడుకున్నా అతని ఊసు రాదు.

ఇంకో భయం కూడా ఉంది. మన అప్పు ఎంత, భూమి ఎంత, పంట ఏది అన్న వివరాలు ఒక్కచోట చేరితే వాటిని ఎవరు చూస్తారు? పురుగుమందుల కంపెనీనా, వడ్డీ వ్యాపారా? ప్రమాణం బహిరంగంగా ఉండాలి. రైతు వివరాలు బహిరంగం కాకూడదు. ఈ తేడా మనం గట్టిగా పట్టుకోవాలి.

అందుకే సంఘం తరఫున ఈ డిమాండ్లు పెడుతున్నాం.

ఒకటి: ఒక శాఖలో సరిచేసిన వివరం మిగతా శాఖలకు గడువులోగా చేరాలి. ఆఫీసు నుంచి ఆఫీసుకు సమాచారం తిరగాలి, రైతు కాదు.

రెండు: అర్జీ తిరస్కరిస్తే ఏ వివరం, ఏ రికార్డుతో కలవలేదో తెలుగులో రాసివ్వాలి. సరిచేయాల్సిన అధికారి హోదా కూడా అందులో ఉండాలి.

మూడు: అక్షరం తేడా వల్ల ధాన్యం కొనుగోలు, పరిహారం ఆపకూడదు. ముందు ఇవ్వాలి, తర్వాత విచారించుకోవాలి.

నాలుగు: పాత సర్వే నంబర్లు, కొత్త ఎల్‌పీఎం నంబర్ల పట్టికను ప్రతి సచివాలయంలో గోడకు అంటించాలి. రైతుల జాబితాలను గ్రామసభలో చదివి వినిపించాలి. ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీ జరిపిన రాష్ట్రం మనది, ఇదీ చేయగలదు.

ఐదు: యజమాని సంతకంతో పని లేకుండా, గ్రామసభ సాక్ష్యంతో కౌలురైతును సాగుదారుగా నమోదు చేయాలి.

ఆరు: మన వివరాలు ఎవరు చూశారో మనకు తెలియాలి. మన అనుమతి లేకుండా ప్రైవేటు కంపెనీలకు ఇవ్వకూడదు.

మన వంతు పని కూడా ఉంది. వచ్చే నెల సమావేశానికి ప్రతి గ్రామ కమిటీ ఒక జాబితా తేవాలి. ఎవరి పేరు ఎక్కడ కలవలేదు, ఎన్ని ఆఫీసులు తిరిగారు, ఎన్ని రోజులు కూలి పోయింది, ఎంత డబ్బు ఆగింది అన్నవి రాయండి. అన్ని గ్రామాలవీ ఒకే వరసలో, ఒకే కొలతలో రాయండి. అధికారులను అడిగే ముందు మన కాగితాలు మనం ఒక పద్ధతిలో పెట్టుకుందాం. ఆ జాబితా పట్టుకుని అందరం కలిసే తహసీల్దార్ ఆఫీసుకు వెళదాం. ఒక్కొక్కరం వెళ్తే 'మీ పేరు కలవలేదు' అంటారు. వంద మందిమి వెళ్తే ఆ మాట అనడం కష్టం.

రైతుల ఐక్యత వర్ధిల్లాలి!