పాతచేటకు క్రొత్తసొగసు



ధాన్యము చెరిగి చెరిగి చిల్లులు పడిన వెదురుచేటను పొయ్యిలో వేయుట సులభము. మన యిండ్లలోని పెద్దలట్లు చేసెడివారు కారు. చిత్తుకాగితములను, మెంతులను నానబెట్టి, మెత్తగా రుబ్బి, ఆ ముద్దను చేటకు రెండువైపుల నలికెడివారు. మెంతుల జిగురు కాగితమును వెదురునకు పట్టించును. వాని చేదు పురుగును చేరనీయదు. ఒకేసారి మందముగా నలికినచో లోపల తడి నిలిచి బూజుపట్టును. కావున పలుచగా నలికి, యెండిన పిదప మరల నలుకవలెను. కడపటి పూత పచ్చిగా నుండగనే గవ్వలను, అద్దపుబిళ్ళలను అదుమవలెను. ఎండిన వెనుక సుద్ద పూసి, జాజుతో అంచు దీర్చి, నడుమ ముగ్గు వ్రాసినచో నది గోడకు అలంకారమగును.

ప్లాస్టిక్ చేటలు వచ్చి మేదరివాని పనిని తగ్గించినవి. అలుకు నేర్పును వానితోడనే పోనీయరాదు. ఈ పని యెఱిగిన వృద్ధురాలు మీ యింట నున్నచో, మనుమలను, మనుమరాండ్రను నేడే ఆమెచెంత కూర్చుండబెట్టుడు. చేట మరియొకటి దొరకును. ఆ చేతులు దొరకవు.