బోటు బ్యాటరీ: కొనేముందు, కొన్న తరువాత

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం పంతులును. నా తెలుగులో తప్పులు దొర్లితే పెద్దమనసుతో మన్నించండి. సైన్సు చెప్పేవాణ్ణి గనుక నలుగురికీ పనికివచ్చే విషయం ఏదైనా చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. మన బందరులో గిలకలదిండి హార్బరు మీద బతికే ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. అందుకని బోటు బ్యాటరీ గురించి నాలుగు మాటలు చెబుతాను. ఇంకో కారణం కూడా ఉంది. ఈ విషయంలో నేనొక తప్పు చేశాను. ముందు అది చెప్పుకుంటాను.

2019 జూన్ మాట. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లకు వేట నిషేధమని మీకు తెలుసు. ఆ రెండు నెలలూ ఒడ్డున ఉన్న మా మామూ బోటులో బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయింది. కొత్తదానికి డబ్బు చాలక ఆయన బాగుచేసిన పాత బ్యాటరీ ఒకటి తెచ్చుకున్నారు. "చూడు బేటా, ఇది పనికొస్తుందా?" అని నన్నడిగారు. నేను మీటరు పెట్టి చూశాను. 12.6 వోల్టులు చూపింది. "భేషుగ్గా ఉంది మామూ" అన్నాను.

వేటకు వెళ్ళిన రెండో రాత్రి లంగరు వేసి, ఇంజను ఆపి పడుకున్నారట. లైట్లు, వైర్లెస్ సెట్టు అన్నీ ఆ ఒక్క బ్యాటరీ మీదే. తెల్లవారుజామున గాలి లేచింది. సెల్ఫ్ కొడితే టక్కుమని శబ్దం వచ్చిందేగాని ఇంజను తిరగలేదు. వైర్లెస్సూ మూగబోయింది. లంగరు జారి బోటు కొట్టుకుపోసాగింది. మధ్యాహ్నానికి ఇంకొక బోటువాళ్ళు, వీళ్ళు ఊపిన గుడ్డ చూసి, తాడు కట్టి లాక్కొచ్చారు. అందరూ క్షేమంగా వచ్చారు. కాని మామూ బోటు పలకడం లేదన్న కబురు అందినప్పటినుంచి ముమానీ మంచినీళ్ళు కూడా ముట్టలేదు. మామూ నన్ను ఒక్క మాటా అనలేదు. నాకు అదే ఎక్కువ బాధ.

మరి మీటరు అబద్ధం చెప్పిందా? లేదు. నేనే అడగవలసిన ప్రశ్న అడగలేదు.

ఈ సీసం బ్యాటరీని 1859లో ఫ్రాన్సు దేశస్థుడు గాస్టన్ ప్లాంటే కనిపెట్టాడు. పన్నెండు వోల్టుల బ్యాటరీలో ఆరు గదులు, ఒక్కొక్కటి సుమారు రెండు వోల్టులు. లోపల సీసపు పలకలు, నీళ్ళు కలిపిన గంధకామ్లం ఉంటాయి. బ్యాటరీ వాడుతున్నకొద్దీ పలకల మీద లెడ్ సల్ఫేటు పడుతుంది. ఛార్జింగు పెడితే అది కరిగి మళ్ళీ యథాస్థితికి వస్తుంది. దిగిపోయిన బ్యాటరీని అలాగే వదిలేస్తే ఆ సల్ఫేటు గట్టి పొరలా పేరుకుపోతుంది. ఆ మేరకు పలక పనికిరాదు. బిందె అడుగున మూడొంతులు మట్టి పేరుకుపోయినా పైన నీళ్ళు అంచుదాకా కనిపిస్తాయి. ముంచుకుంటేగాని ఉన్నదెంతో తెలియదు. నేను అంచు చూశాను, ముంచి చూడలేదు.

కాబట్టి పరీక్ష ఇలా చేయాలి. పూర్తిగా ఛార్జింగు చేసి, తీగలు విప్పి, ఒక రాత్రి అలా ఉంచాలి. పొద్దున 12.6 చూపితే నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే దాదాపు సగమే ఉన్నట్టు. ఇంతటితో ఆగకూడదు. బోటుకు తగిలించి, సెల్ఫ్ కొడుతూ మీటరు చూడాలి. అప్పుడు 9.6 కంటే కిందికి పడితే ఆ బ్యాటరీని నమ్ముకుని సముద్రం మీదికి వెళ్ళకండి. మూతలు తీసే రకమైతే హైడ్రోమీటరుతో ఆరు గదులూ చూడండి. ఒక గది మిగతావాటికంటే 0.05 తక్కువ చూపితే ఆ గది చెడినట్టే.

ఇక కొనే సంగతి. బోటులో బ్యాటరీకి రెండు రకాల పనులున్నాయి. ఇంజను తిప్పడానికి కొన్ని సెకండ్లపాటు వందల ఆంపియర్లు ఒక్కసారిగా కావాలి. దానికి పల్చటి పలకలు ఎక్కువగా ఉన్న స్టార్టింగు బ్యాటరీ తగును. లైట్లకు, వైర్లెస్‌కు రాత్రంతా కొద్దికొద్దిగా కావాలి. దానికి మందపు పలకల డీప్ సైకిల్ బ్యాటరీ తగును. ఒకదానితో రెండో పని చేయిస్తే త్వరగా పాడవుతుంది. అందుచేత రెండు బ్యాటరీలు పెట్టి, మధ్య మార్పిడి స్విచ్చి వేయించండి. ఇంజను బ్యాటరీని అమానత్ అనుకోండి, లైట్లకు ముట్టుకోకండి.

ఎంత పెద్దది కొనాలి? లెక్క సులభం. లైట్లు, వైర్లెస్, జీపీఎస్, చేపల్ని చూపే యంత్రం కలిసి 5 ఆంపియర్లు లాగుతాయనుకుందాం. పది గంటలకు 50 ఆంపియర్ అవర్లు. బ్యాటరీని సగానికంటే ఎక్కువ దించకూడదు గనుక 100 కావాలి. కొనేటప్పుడు తయారైన తేదీ చూడండి. వారంటీ బోటు వాడకానికి వర్తిస్తుందా అని అడిగి రాయించుకోండి. 24 వోల్టుల ఇంజనుకు రెండు బ్యాటరీలు జతగా ఉంటే రెండూ ఒకేసారి మార్చండి. పాతది కొత్తదాన్ని కూడా పాడు చేస్తుంది. లిథియం బ్యాటరీలు తేలిక, మన్నిక ఎక్కువ. కాని ఖరీదైనవి. వాటికి తగిన ఛార్జింగు ఏర్పాటు లేకుండా పాత డైనమోకు తగిలించకూడదు.

కాపాడుకునే పద్ధతులు:

1. మూతల రకమైతే నెలకొకసారి నీటి మట్టం చూడండి. డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. బోరు నీళ్ళు వద్దు, యాసిడ్ అసలే వద్దు.

2. ఉప్పునీరు బ్యాటరీ లోపలికి పోతే క్లోరిన్ అనే విషవాయువు పుడుతుంది. కాబట్టి బ్యాటరీని ఎత్తైన చోట, గాలి తగిలే మూత పెట్టెలో, కదలకుండా బిగించాలి.

3. తీగలు విప్పేటప్పుడు ముందు నెగెటివ్, తగిలించేటప్పుడు చివర నెగెటివ్. చిలుము పడితే వంటసోడా కలిపిన నీళ్ళతో పైన తుడవండి, లోపలికి చుక్క పోకూడదు. తరువాత వ్యాజిలిన్ రాయండి.

4. ఇంజను నడుస్తుండగా మీటరు 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. అంతకు తక్కువైతే ఛార్జింగు నిండదు, బాగా ఎక్కువైతే నీళ్ళు ఉడికిపోతాయి.

5. నిషేధ కాలంలో బ్యాటరీని విప్పి నీడలో ఉంచి, నెలకొకసారి ఛార్జింగు చేయించండి. మామూ మొదటి బ్యాటరీ చచ్చింది ఈ ఒక్కపని చేయకే.

ఇళ్ళలోని అక్కచెల్లెళ్ళకు ఒక మనవి. ఛార్జింగులో ఉన్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది. చిన్న నిప్పురవ్వకే పేలుతుంది. పడక గదిలోగాని, పొయ్యి దగ్గరగాని పెట్టనివ్వకండి. దాని పక్కన ఎవరైనా బీడీ వెలిగిస్తే మొహమాటం లేకుండా కోప్పడండి. యాసిడ్ పడితే వెంటనే ధారాళంగా నీళ్ళతో కడగండి. కంట్లో పడితే కడుగుతూనే ఉండి డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. పాత బ్యాటరీని వాకిట్లో పగలగొట్టనివ్వకండి. సీసం పిల్లల మెదడుకు విషం. 2022లో వచ్చిన నిబంధనల ప్రకారం పాతవి తిరిగి తీసుకునే ఏర్పాటు చేయవలసిన బాధ్యత తయారీదారులదే. కొత్తది కొన్న దుకాణంలోనే పాతది ఇచ్చి, ధరలో తగ్గించుకోండి.

మామూ బోటులో ఇప్పుడు రెండు బ్యాటరీలున్నాయి. ఏటా జూన్‌లో ఆయన నన్నే పిలుస్తారు. ఆ తప్పు తరువాత కూడా నన్నే పిలవడం ఆయన పెద్దమనసు. నేను మీటరు పెట్టి, "సెల్ఫ్ కొట్టండి మామూ" అంటాను. కొట్టిన తరువాతే బాగుందో లేదో చెబుతాను. మీరు కూడా, అమ్మేవాడు చెప్పినా, పంతులు చెప్పినా, సెల్ఫ్ కొట్టి చూడనిదే ఒప్పుకోకండి.