కోవిల్‌పట్టి క్యాలెండరు చిత్రాలు – యంత్రానికి నేర్పే చిత్రవిద్య
(ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



దక్షిణ తమిళనాడులో కోవిల్‌పట్టికి, విరుదునగర్‌కు నడుమ దూరం సుమారు 50 కిలోమీటర్లు. ఆ ప్రాంతమంతా నల్లరేగడి నేల. శతాబ్దాల క్రితం తెలుగు దేశం నుండి వలస వెళ్లిన కుటుంబాలవారు ఆ ఊళ్లలో నేటికీ ఇంట తెలుగు, వీధిలో తమిళం మాట్లాడుతున్నారు. కొత్త సంవత్సరం రాగానే అంగడివారు తమ ఖాతాదారులకు దేవుని బొమ్మ గల క్యాలెండరు ఇవ్వడం అక్కడి ఆచారం. సంవత్సరం ముగిసినా ఆ బొమ్మను పారవేయడానికి మనసొప్పదు. పటం కట్టించి పూజగదిలో ఉంచుతారు. అటువంటి బొమ్మలలో అనేకం కోవిల్‌పట్టిలో రూపుదిద్దుకొని, విరుదునగర్ జిల్లాలోని శివకాశిలో అచ్చయి, దేశం నలుమూలలకూ చేరాయి.

ఆ సంప్రదాయానికి మూలపురుషుడు సి. కొండయ్య రాజు (1898–1976). మద్రాసు చిత్రకళా పాఠశాలలో విద్యనభ్యసించి, కొంతకాలం తిరువణ్ణామలైలో రమణ మహర్షి సన్నిధిలో గడిపి, తరువాత నాటక సంస్థలో తెరలు చిత్రించిన కళాకారుడాయన. 1940లలో ఆ సంస్థ మూతపడగా కోవిల్‌పట్టిలోనే స్థిరపడ్డారు. టి.ఎస్. సుబ్బయ్య, ఎం. రామలింగం, టి.ఎస్. అరుణాచలం మొదలైన శిష్యులు ఆయనవద్ద విద్య నేర్చుకొన్నారు. నాటకపు తెరలలోని కొండలు, కోనలు, పూలతోటలు దేవతామూర్తుల వెనుక నిలిచినది ఈ చిత్రాలలోనే. శిష్యుడు గురువు గీతను అనుకరించాడు. అయితే గురువు పేరును మరువలేదు.

నేడు అదే శైలిని యంత్రానికి నేర్పవచ్చునా అన్న ప్రశ్న వచ్చింది. మాటలలో చెప్పినదానికి బొమ్మ గీసి ఇచ్చే కృత్రిమ మేధా నమూనాలు 2022 నుండి సామాన్యులకు అందుబాటులోకి వచ్చాయి. కోట్లాది చిత్రాలను, వాటి క్రింది వ్రాతలను చూసి ఇవి తయారయ్యాయి. ఆ వ్రాతలలో దేవుని పేరుంటుంది కాని చిత్రకారుని పేరు తరచుగా ఉండదు. కనుక మురుగన్ బొమ్మ అడిగితే యంత్రం ఏదో ఒక మురుగన్‌ను ఇస్తుంది. కోవిల్‌పట్టి మురుగన్‌ను ఇవ్వదు. ఆ లోటు తీర్చడానికి సిద్ధంగా ఉన్న నమూనాకు కొద్దిపాటి చిత్రాలతో మళ్లీ పాఠం చెప్పడమే ప్రత్యేక శిక్షణ.

ఇందుకు రెండు పద్ధతులు ప్రసిద్ధం. 2022లో గూగుల్ పరిశోధకులు ప్రకటించిన డ్రీమ్‌బూత్ పద్ధతిలో మూడు నుండి అయిదు చిత్రాలను చూపి, ఒక అరుదైన పదాన్ని వాటికి ముడిపెడతారు. 2021లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు భాషా నమూనాల కోసం రూపొందించిన లోరా పద్ధతిలో అసలు నమూనాను కదపకుండా, దానికి చిన్న అనుబంధాన్ని మాత్రమే చేర్చి నేర్పుతారు. పాఠ్యపుస్తకాన్ని దిద్దకుండా, ప్రక్కన నోట్సు వ్రాసుకొన్నట్లు ఇది. నచ్చకపోతే ఆ నోట్సును తీసివేయవచ్చు. అందువల్ల చిన్న సంస్థలకు లోరాయే అనుకూలం.

ఇక ఏ నమూనాకు నేర్పాలన్నది ప్రశ్న. 2022 నాటి స్టేబుల్ డిఫ్యూజన్ 1.5లో చిత్రం గీసే భాగానికి సుమారు 86 కోట్ల పారామీటర్లు ఉన్నాయి. సాధారణ గ్రాఫిక్స్ కార్డుపైనే నేర్పవచ్చు. కాని అది 512 చుక్కల చదరపు చిత్రానికి అలవాటుపడినది. క్యాలెండరు అచ్చుకు అది చాలదు. 2023లో వచ్చిన ఎస్‌డీఎక్స్‌ఎల్‌లో ఆ భాగం సుమారు 260 కోట్లు, చిత్రం 1024 చుక్కలు. 12 గిగాబైట్ల మెమరీ గల కార్డుపై దీనికి లోరా శిక్షణ ఇవ్వవచ్చు. 2024 ఆగస్టులో బ్లాక్ ఫారెస్ట్ ల్యాబ్స్ సంస్థ విడుదల చేసిన ఫ్లక్స్.1 నమూనాలో 1,200 కోట్ల పారామీటర్లు ఉన్నాయి. ఒక్కొక్కటి రెండు బైట్ల చొప్పున లెక్కించినా, వాటిని నిలుపుకోవడానికే 24 గిగాబైట్లు కావాలి. ఇది చేతివేళ్లను, దీర్ఘమైన వర్ణనలను మునుపటి వాటికంటె బాగా పట్టుకొంటుంది.

శక్తితోపాటు షరతులనూ చదవాలి. ఎస్‌డీఎక్స్‌ఎల్‌ను కొన్ని నిషిద్ధ వినియోగాలు మినహా వ్యాపారానికి వాడుకోవచ్చు. ఫ్లక్స్‌లో ‘ష్నెల్’ అనే రకం స్వేచ్ఛగా వాడదగినదే గాని, త్వరగా గీయడానికి కుదించినది కనుక శిక్షణకు అంతగా లొంగదు. శిక్షణకు ఎక్కువమంది వాడే ‘డెవ్’ రకం వ్యాపారేతర అనుమతితో వచ్చినది. క్యాలెండరు అచ్చువేసి అమ్మదలచినవారు ఈ తేడాను మొదటే గ్రహించాలి. మిడ్‌జర్నీ వంటి సేవలు చక్కని బొమ్మలే ఇస్తాయి. కాని వాటి నమూనా మన చేతికి రాదు. నేర్పిన పాఠం మన వద్ద నిలవదు.

మరొక చిక్కు భాషది. స్టేబుల్ డిఫ్యూజన్, ఫ్లక్స్ నమూనాలు ప్రధానంగా ఆంగ్లపు వ్రాతలతో పెరిగినవి. తెలుగు వాక్యం వాటికి దాదాపు అర్థం కాదు. అందుచేత ప్రతి చిత్రం క్రింద వ్రాసే వివరణ ఆంగ్లంలోనే ఉండాలి. వేలాయుధం ఏది, నెమలి ఏది, వెనుక కొండ ఏది అని ఆ వివరణ విడివిడిగా చెప్పాలి. వివరించిన వస్తువు ఆ మాటకు అతుక్కొంటుంది. వివరించకుండా విడిచినది శైలిగా యంత్రానికి ఒంటబడుతుంది. ముప్పై చిత్రాలలోనూ నెమలి ఉండి, ఆ సంగతి ఎక్కడా వ్రాయకపోతే, లక్ష్మీదేవి ప్రక్కన కూడా నెమలి వచ్చి నిలుస్తుంది. ఇది యంత్రం తప్పు కాదు, పాఠం చెప్పినవారి తప్పు.

నమూనాలను పోల్చడానికి బడిలోని పరీక్షా పద్ధతే మేలు. అన్నింటికీ ఒకే చిత్రాలు, ఒకే వివరణలు ఇవ్వాలి. నాలుగైదు చిత్రాలను పాఠంలో చేర్చక పరీక్షకు దాచుకోవాలి. ఏ బొమ్మ ఏ నమూనాదో చెప్పకుండా, పాత క్యాలెండర్లు ఎరిగిన పెద్దలకు చూపించాలి. షణ్ముఖుని ఆరు ముఖాలు, పన్నెండు చేతులు సరిగా ఉన్నవా? ఏ చేతిలో ఏ ఆయుధం? మానవ శరీరాలనే ఎక్కువగా చూసిన యంత్రం ఇక్కడ లెక్క తప్పడం సాధారణం. చూపిన చిత్రాన్నే తిరిగి అప్పగించే నమూనాకు మంచి మార్కులు వేయరాదు. బట్టీ పట్టిన విద్యార్థిని ఉపాధ్యాయులు గుర్తించగలరు కదా. ఇన్నీ కలిపి చూస్తే, వ్యాపారపు అనుమతి, తక్కువ ఖర్చు, తగినంత నాణ్యత ఉన్నందున తొలి ప్రయత్నానికి ఎస్‌డీఎక్స్‌ఎల్ ఉచితం. పరిశోధనకు, ప్రదర్శనకు మాత్రమే అయితే ఫ్లక్స్ మేలైనది.

అన్నింటికంటె ముఖ్యమైనది హక్కు. 1957 నాటి భారత కాపీరైటు చట్టం ప్రకారం చిత్రకారుడు గతించిన పిదప 60 సంవత్సరాల వరకు ఆయన చిత్రాలకు రక్షణ ఉంటుంది. కొండయ్య రాజు 1976లో పరమపదించారు గనుక ఆ గడువు 2036 చివరి వరకు సాగుతుంది. హక్కు కొన్ని చిత్రాలకు వారసులవద్ద, కొన్నింటికి ప్రచురణకర్తలవద్ద ఉండవచ్చు. ఎవరివద్ద ఉన్నా అడిగి తీసుకోవాలి. కృతికర్తగా తన పేరు చెప్పుకొనే హక్కును అదే చట్టంలోని 57వ విభాగం చిత్రకారునికి వేరుగా ఇచ్చినది. పాత పటాన్ని యంత్రం కోసం ఫోటో తీసేటప్పుడు, అందంగా కనబడాలని మూలనున్న సంతకాన్ని కత్తిరించే అలవాటు ఉన్నది. ఆ కత్తిరింపుతో ఒక మనిషి శ్రమ లోకం నుండి తుడిచిపెట్టుకొని పోతుంది.

యంత్రానికి గురువు పేరు చెప్పే సంస్కారం లేదు. ఆ సంస్కారం నేర్పేవారిలో ఉండాలి. కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతాలలో బంధువులున్న పూర్వ విద్యార్థులకు ఈ సందర్భాన ఒక మనవి. ఇంట ఉన్న పాత క్యాలెండరు పటాలను పారవేయకండి. చిత్రకారుని సంతకం, ముద్రణాలయం పేరు, సంవత్సరం చూసి వ్రాసి ఉంచండి. ఏ నమూనాను ఎంచుకొన్నా రెండేళ్లలో అది పాతబడుతుంది, మరొకటి వస్తుంది. పేర్లతో, అనుమతులతో కూర్చిన ముప్పై పటాల పెట్టె మాత్రం పాతబడదు. రేపటి యంత్రానికైనా, రేపటి పిల్లవానికైనా దానితోనే పాఠం చెప్పవచ్చు.