లాంజరోటే: బూడిదలో ద్రాక్షతోట

లాంజరోటే స్పెయిన్‌కు చెందిన కానరీ దీవుల్లో ఒకటి. ఆఫ్రికా పడమటి తీరానికి దగ్గరగా ఉంటుంది. 1730 నుంచి 1736 వరకు అక్కడ అగ్నిపర్వతాలు రగిలి, దీవిలో దాదాపు నాలుగో వంతును లావాతో కప్పేశాయి. చుట్టుపక్కల రవ్వలాంటి నల్లటి బూడిద పరుచుకుంది. ఏడాదికి 150 మిల్లీమీటర్ల వానే గగనమైన చోట చివరికి ఆ బూడిదే రైతును ఆదుకుంది. రాత్రి తేమను పీల్చుకుని, పగటి ఎండకు అడుగు మట్టి ఆరిపోకుండా కాస్తుంది.

లా హేరియా ప్రాంతంలో ద్రాక్షతీగలను గోతుల్లో పెంచుతారు. వేళ్లు పాత మట్టిని అందుకోవాలి కనుక కొన్నిచోట్ల మూడు మీటర్ల లోతు దాకా తవ్వుతారు. ఈశాన్య గాలి తగలకుండా అంచున అర్ధచంద్రాకారంలో రాళ్లు పేరుస్తారు. ఆ గోతుల్లోకి యంత్రం దిగదు, పనంతా చేతులతోనే. ఇక్కడి వైన్ ఖరీదెక్కువంటే ఆశ్చర్యమేముంది!

చూడాలంటే మార్చి మేలు. కత్తిరించిన మోడులు అప్పుడే చిగురిస్తాయి. నల్ల నేల మీద ఆ లేతపచ్చ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఎండ హాయిగానే ఉన్నా గాలి విసురుగా వీస్తుంది. బూడిద మీద మాత్రం అడుగు వేయకూడదు, గోతిలోకి జారిపోతుంది. 1775లో మొదలైన ఎల్ గ్రిఫో వైనరీలో పాత పనిముట్ల మ్యూజియం ఉంది. మాల్వసియా ద్రాక్షతో చేసే తెల్ల వైన్‌కు దీవి పేరుపొందింది. కోత సాధారణంగా జూలైలోనే మొదలవుతుంది.